ఫౌంటెన్ సంగతి తర్వాత, ముందు కింద తొట్టి తేల్చుకోండి

మా ఇంటి ముందు ఖాళీ జాగాలో ఫౌంటెన్ పెట్టించి మూడేళ్ళయ్యిందండి, అందులో మొదటి ఏడాదంతా నేను చేసిన తప్పులు దిద్దుకోడానికే సరిపోయింది. మాది పాలకొల్లు దగ్గర. మూడంతస్తుల సిమెంటు ఫౌంటెన్ ఒకటి కంటికి నచ్చేసింది, బేరమాడి ఆటోలో వేయించుకుని వచ్చేశాను, కింద తొట్టి దాంతో పాటే ఇచ్చారు, రెండున్నర అడుగుల వెడల్పు, అది చాలుతుందా లేదా అన్న ఆలోచనే రాలేదు. పైగా నీళ్ళు రెండడుగులు ఎగరాలని నేనే పట్టుబట్టి నాజిల్ పెట్టించుకున్నాను. పొద్దున్న పూట బాగానే ఉండేది. సాయంత్రం నాలుగు దాటి పైరగాలి మొదలయ్యేసరికి నీళ్ళన్నీ పక్కన మందార మొక్కల మీదా అరుగు మీదా పడేవి, మా ఆవిడ దండెం మీద ఆరేసిన బట్టలు కూడా తడిసేవి, రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి చూస్తే మోటారు సగం బయటపడి గాలి పీలుస్తూ గుర్రుగుర్రుమంటూ ఉండేది. రెండో వారానికి కాలిపోయింది. అమ్మినాయన తప్పేం లేదు, అడిగింది నేనేగా.

ఆ తర్వాత మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు పెట్టించుకున్నారు, ప్రతి ఒక్కరూ నాకు ఫోన్ చేసి ఏ మోడల్ తీసుకోమంటావని అడగడమే గానీ తొట్టి ఎంత పెట్టుకోమంటావని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే ఇది రాస్తున్నా. పైన ఉండేది బొమ్మ, చేప నోట్లోంచి వచ్చినా కుండలోంచి పొంగినా మీ ఇష్టం, కడియపులంక నర్సరీల వైపు ఒకసారి వెళ్ళొస్తే కావలసినన్ని రకాలు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కింద తొట్టి ఒకసారి భూమిలో దిగిందంటే మార్చడానికి మళ్ళీ గునపం పట్టుకోవలసిందే. పైగా మన డెల్టాలో నేల వేరు, నీళ్ళు వేరు, గాలి వేరు, హైదరాబాదులో చుట్టాలింట్లో చూసింది తెచ్చి ఇక్కడ అలాగే దింపుతానంటే కుదరదు.

వెడల్పు గాలిని బట్టి, లోతు మోటారుని బట్టి

వెడల్పు లెక్క తేలికే. నీళ్ళు ఎంత ఎత్తు ఎగురుతాయో, తొట్టి నడిమధ్య నుంచి అంచు దాకా కనీసం అంత దూరం ఉండాలి. రెండడుగులు ఎగిరితే నాలుగడుగుల వెడల్పు తొట్టి అన్నమాట. ఇది గాలి లేనిచోట లెక్క, నాలుగువైపులా ఇళ్ళున్న పెరట్లో సరిపోతుంది. మన దగ్గర ఎదురుగా వరిచేలు, గాలికి అడ్డం లేని ఇళ్ళు ఎక్కువ, ఇక నరసాపురం, అంతర్వేది, అల్లవరం వైపైతే చెప్పక్కర్లేదు, అక్కడ తొట్టి వెడల్పు రెట్టింపు చేసుకోవాలి, లేదంటే ఎగిరే ఎత్తు సగానికి తగ్గించుకోవాలి, అంటే నాలుగడుగుల తొట్టిలో అడుగు ఎత్తుకి మించి ఎగరకూడదు. నన్నడిగితే తగ్గించుకోడమే మంచిది. ఎత్తుగా ఎగిరే సన్నధార ఫొటోలకి బాగుంటుంది గానీ కిటికీ తీసుకుని పడుకున్నప్పుడు హాయిగా వినిపించేది తక్కువ ఎత్తు నుంచి లావుగా పడే నీళ్ళ చప్పుడే.

లోతు దగ్గరే అందరం బోల్తా పడతాం. తొట్టిలో ఉన్న నీళ్ళన్నీ ఆడే నీళ్ళు కావు. మోటారు ఎప్పుడూ మునిగి ఉండాలి, దాని నెత్తి మీద ఇంకో రెండు మూడు అంగుళాల నీళ్ళుండాలి, లేకపోతే సుడి తిరిగి గాలి లాగేస్తుంది. అడుగున బురద పట్టకుండా మోటారుని ఇటుక మీద పెడతాం కదా, ఆ ఇటుక 3 అంగుళాలు, మోటారు ఓ 4, పైన 3, మొత్తం 10 అంగుళాల నీళ్ళు కదలకుండా అక్కడ పడి ఉండవలసినవే. పైన అంచు దగ్గర ఇంకో 3 అంగుళాలు ఖాళీ వదలాలి. అంటే అడుగున్నర లోతు తొట్టిలో మీకు నిజంగా మిగిలేది 5 అంగుళాలు. అడుగు లోతు తొట్టిలో అయితే ఆ మోటారుకి చోటే లేదు, అయినా షాపుల్లో అలాంటివి పక్కపక్కనే పెట్టి సెట్టని అమ్ముతుంటారు.

ఆ మిగిలిన అంగుళాలు ఎన్ని లీటర్లో చూసుకోండి, ఇది మాత్రం సెల్లులో రాసి పెట్టుకోండి. గుండ్రటి తొట్టిలో ఒక్కో అంగుళం ఎత్తుకి, 2 అడుగుల వెడల్పుదైతే 7 లీటర్ల పైచిలుకు, రెండున్నరకి పదకొండున్నర, 3 అడుగులకి దాదాపు 17, 4 అడుగులకి దాదాపు 30, 5 అడుగులకి 46. చూశారా, వెడల్పు రెట్టింపైతే నీళ్ళు నాలుగింతలవుతాయి, అందుకే చిన్న తొట్టి లోతు పెంచేకన్నా వెడల్పు అరడుగు పెంచుకోడం లాభం. మొత్తం ఎన్ని పడతాయో కావాలంటే వెడల్పుని వెడల్పుతో గుణించి, 0.785తో గుణించి, లోతుతో గుణిస్తే ఘనపుటడుగులొస్తాయి, దాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు, అన్నీ అడుగుల్లోనే పెట్టుకోవాలి. నలుచదరపు తొట్టికి ఆ 0.785 అక్కర్లేదు.

ఈ లెక్కలో నా పాత తొట్టి పెట్టి చూడండి. ఆడే నీళ్ళు 4 అంగుళాలు, అంటే 46 లీటర్లు. గాలికి గంటకి పది లీటర్లు బయటికి పోతుంటే నాలుగు గంటల పైన ఎక్కడ ఆగుతుంది. ఎండాకాలం ఆవిరైపోతాయని అందరూ భయపడతారు గానీ ఏప్రిల్, మే నెలల్లో కూడా రోజుకి పావు అంగుళం అటూ ఇటూ అంతే, నాలుగడుగుల తొట్టికి ఏడెనిమిది లీటర్లు, ఒక చిన్న బకెట్. కొంప ముంచేది చిందడమే.

ఇది ఆడుతున్నప్పటి లెక్క. ఆగినప్పుడు ఏమవుతుందన్నది ఇంకో లెక్క, అది మా చెల్లి వాళ్ళింట్లో తెలిసింది. తణుకులో వాళ్ళ పెరట్లో పెద్ద మట్టికాగు నిలబెట్టి, అడుగున బెజ్జం పెట్టి పైపు ఎక్కించి, కింద గుంటలో 2 అడుగుల టబ్బు, టబ్బులో మోటారు, కాగు నిండి అంచు మీంచి పొర్లుతూ ఉంటుంది, చాలా అందంగా కుదిరింది. కరెంటు పోయిందంటే మాత్రం పెరడంతా నీళ్ళు. కాగులో 60 లీటర్లు, పైపు దాని అడుగునే తెరుచుకుని ఉంది కాబట్టి మోటారు ఆగగానే ఆ 60 లీటర్లూ వచ్చిన దారినే వెనక్కి టబ్బులోకి దిగిపోతాయి, టబ్బులో ఖాళీ మూడంగుళాలు, అంటే 22 లీటర్లు, మిగతావి ఎక్కడికి పోతాయి మరి. కరెంటొచ్చాక ఇంకో తంటా, కాగు మళ్ళీ నిండాలంటే 60 లీటర్లు కావాలి, టబ్బులో అన్ని లేవు, మోటారు ఎండిపోతుంది. దీనికి మందు ఒక పైపు ముక్క. కాగు లోపల పైపుని అంచుకి రెండంగుళాల కింద దాకా నిలువుగా లేపారు, ఇప్పుడు ఆగితే ఆ పై రెండంగుళాల నీళ్ళే దిగుతాయి. నాన్ రిటర్న్ వాల్వు వెయ్యొచ్చు కదా అంటారు, వెయ్యొచ్చు, కానీ దాంట్లో చిన్న ఆకుముక్క ఇరుక్కుందంటే మూసుకోదు, పైపు లేపడమే నమ్మకం. మొదటిసారి కాగుని గొట్టంతో విడిగా నింపి అప్పుడు స్విచ్ వెయ్యండి.

మూడో లెక్క వాన. అల్పపీడనం పట్టి రాత్రంతా కొట్టిందంటే నాలుగంగుళాల వాన అంటే తొట్టిలో కూడా నాలుగంగుళాలు పెరిగినట్టే, మీరు వదిలింది మూడు. అందుకని అంచుకి మూడంగుళాల కింద ఒకటిన్నర అంగుళం పైపు ఒకటి బయటికి, దానికి జాలీ, అక్కణ్ణుంచి మురుగుకాలవలోకో అరటిమొక్కల్లోకో. తొట్టి కట్టేటప్పుడు పెడితే పది నిమిషాల పని. చేపలు వేస్తే ఈ జాలీ మరీ ముఖ్యం, లేకపోతే వానాకాలం అయ్యేసరికి చేపలన్నీ కాలవలో ఉంటాయి.

వర, ఇటుక తొట్టి, ఫైబర్ టబ్బు, షీటు గుంట

మన వైపు దొరికేవి ఈ నాలుగే. గ్రానైట్లో చెక్కించినవి, పాలరాతివి ఉంటాయి, వాటిని కొనేవాళ్ళకి నా సలహా అక్కర్లేదు.

ముందు ఫైబర్ టబ్బు సంగతి చెప్తా, ఎందుకంటే చూడగానే అందరికీ నచ్చేది అదే. తేలిక, కారదు, నున్నగా ఉంటుంది, ఒక్క పూటలో పని అయిపోతుంది, ఉప్పునీళ్ళు కూడా దాన్నేం చెయ్యవు. మా బావగారిది అమలాపురం దగ్గర, 300 లీటర్ల టబ్బు తెచ్చి నేలకి సమానంగా పూర్తిగా పాతించారు, చుట్టూ గడ్డి, చూడముచ్చటగా ఉంది. ఆగస్టులో నాచు పట్టిందని ఒక సాయంత్రం నీళ్ళన్నీ తోడి, కడిగి, పొద్దున్నే నింపుదాం లెమ్మని వదిలేశారు. తెల్లారి చూస్తే టబ్బు పడవలా పైకి లేచి ఒక పక్కకి వాలి ఉంది. ఎవరో వచ్చి పెకలించారనుకున్నారంట పాపం. ఎవరూ రాలేదండి, కింద నీళ్ళే లేపాయి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మన డెల్టా కాలవల మీదే బతుకుతోంది, కాలవలు నిండి, చేలల్లో నీళ్ళు నిలిచి, గోదారి పోటు మీదున్న రోజుల్లో చాలా ఊళ్ళల్లో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. 300 లీటర్ల ఖాళీ టబ్బుని భూమిలో నీళ్ళ మధ్య పెడితే అది 300 కేజీల బలంతో పైకి లేవాలని చూస్తుంది, టబ్బు బరువేమో ఇరవై కేజీలు కూడా ఉండదు. కాబట్టి ఫైబర్ పెట్టుకునేవాళ్ళు సగమే పాతండి, వానాకాలంలో మొత్తం తోడకండి, సగం తోడి సగం కొత్తనీళ్ళు పోసుకోండి, అసలు కడుగుడు కార్యక్రమం ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు పెట్టుకోండి, అప్పుడు నేల కింద నీరు దిగి ఉంటుంది.

ఇప్పుడు వర. ఆయ్, అదే, నూతుల్లోకి, మరుగుదొడ్డి గుంటల్లోకి దింపే సిమెంటు వరే. నేను రెండోసారి పెట్టించింది ఇదే, నా ఓటు కూడా దీనికే. ఫౌంటెన్ కింద వరేంటండీ అని మా మేస్త్రి గారే నవ్వాడు. అడుగు ఎత్తుండే 3 అడుగుల వరలు రెండు తీసుకుని, ఒకటి భూమిలో, ఒకటి పైకి, అడుగున నాలుగంగుళాల కాంక్రీటు బెడ్డు. అంచుకి మూడంగుళాలు వదిలి నింపితే 350 లీటర్లు. పైన చెప్పిన తేలిపోయే గొడవ దీనికెందుకు ఉండదంటే, రెండంగుళాల మందం వర ఒక్కోటి 110 కేజీల దాకా ఉంటుంది, అడుగు బెడ్డు ఇంకో 200 పైన, మొత్తం 400 దాటుతుంది, ఒక్క వరే భూమిలో ఉంటే నీళ్ళు పైకి తోసే బలం 340 దగ్గర ఆగిపోతుంది. రెండూ పాతేశారనుకోండి ఆ బలం 580 అవుతుంది, లెక్క తిరగబడింది. అందుకే ఒకటి లోపల ఒకటి బయట. బయట వర ఉండటం వల్ల ఇంకా లాభాలున్నాయి, వానకి పారే బురదనీళ్ళు లోపలికి రావు, అంచు మీద కూర్చోవచ్చు, పాకే పిల్లలు నేరుగా నీళ్ళల్లోకి పోరు. దీని లోపమల్లా ఒకటే, అందం లేదు. పైన రంగు వేయిస్తారో, గులకరాళ్ళు అతికిస్తారో, చుట్టూ మనీప్లాంటు పాకిస్తారో మీ ఓపిక. ఇంకోటి, గుండ్రంగానే ఉంటుంది, గోడవారగా పొడుగ్గా కావాలంటే కుదరదు.

అలా పొడుగ్గా కావాలన్నవాళ్ళకే ఇటుక తొట్టి. కుడితి తొట్టి కట్టే మేస్త్రి ఎవరైనా కట్టేస్తాడు, అదే దాంతో వచ్చిన చిక్కు, కుడితి తొట్టిలాగే కట్టేస్తాడు. నల్లరేగడి నేల వానకి ఉబ్బి ఎండకి పగులుతుంది, నాలుగున్నర అంగుళాల గోడ దాంతో పాటే పగులుతుంది. తొమ్మిదంగుళాల గోడ, కింద అడుగు లోతు ఇసుక నింపి దిమ్మిస చేసి దాని మీద బెడ్డు, బెడ్డులో 8 ఎంఎం ఇనుము వేస్తే నిలబడుతుంది. చవుడు నేలల్లో, రొయ్యల చెరువులు పక్కనున్న ఊళ్ళల్లో ఇది వద్దే వద్దు, రెండేళ్ళకి చెమ్మెక్కి ప్లాస్టరింగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, భీమవరం వైపు కొత్త ప్రహరీగోడలకే ఆ గతి పడుతోంది.

షీటు గుంట అంటే గుంట తవ్వి ప్లాస్టిక్ షీటు పరిచి పైన గులకరాళ్ళు పోసేది, నీళ్ళు రాళ్ళల్లోకి ఇంకిపోయినట్టు కనిపిస్తాయి. మన వైపు దీనికో సౌకర్యం ఉంది, భీమవరం, ఆకివీడు లాంటి చోట్ల ఆక్వా షాపుల్లో చెరువులకి పరిచే హెచ్‌డీపీఈ షీటు దొరుకుతుంది, 500 మైక్రాన్ది అడగండి. గుంట పొడవుకి లోతుకి రెట్టింపు కలిపి, ఇంకో రెండడుగులు కలుపుకుంటే షీటు పొడవు, వెడల్పుకీ అంతే, అంటే 4 ఇంటూ 6 గుంట అడుగున్నర లోతుకి 9 ఇంటూ 11 షీటు. ధాన్యం ఆరబోసే బరకం ఇంట్లో ఉంది కదా అని అది మాత్రం పరచకండి, ఎండకి పేలిపోతుంది, కుట్ల దగ్గర కారుతుంది, కావాలంటే పాతబరకాన్ని షీటు కింద మెత్తగా ఉండటానికి వేసుకోండి. గులకరాళ్ళు నింపితే గుంటలో నీళ్ళకి మిగిలే చోటు పదింట నాలుగు వంతులే, 300 లీటర్ల గుంటలో 120 లీటర్లు, ఇది తెలియక అందరూ మోటార్లు కాల్చుకుంటారు. అడుగున చేపల ట్రేలు బోర్లించి వాటి మీద జాలీ, జాలీ మీద ఒక్క వరస రాళ్ళు పోస్తే నీళ్ళకి చోటూ ఉంటుంది మోటారుకి చోటూ ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంటికి నాలుగింట్లో ఇదే మంచిది, ఎందుకంటే పైకి నీళ్ళే కనపడవు, మిగతా మూడింట్లో ఏది పెట్టినా నీళ్ళ మట్టానికి కాస్త పైనే ఇనప జాలీ వేయించండి, చిన్నపిల్లలకి రెండంగుళాల నీళ్ళు చాలు ప్రాణం మీదికి రావడానికి. షీటుకి శత్రువులు ఎవరంటే పందికొక్కులు, ఎండ్రకాయలు. పక్కనే చేను ఉంటే షీటు జోలికి పోకండి.

మేడ మీద, బాల్కనీలో పెట్టుకునేవాళ్ళకి ఈ నాలుగూ కాదు. లీటరు నీళ్ళు కేజీ బరువు, 2 అడుగుల వెడల్పు అడుగు లోతు ప్లాస్టిక్ టబ్బే 90 కేజీలు తూగుతుంది, అంతటితో సరిపెట్టుకుని బీము మీదకో గోడ వారకో జరిపి పెట్టండి.

మోటారు, కరెంటు

పెట్టె మీద రాసిన ఎల్‌పీహెచ్, అంటే గంటకి ఎన్ని లీటర్లో, అది చూసి మురిసిపోకండి, అది ఎత్తు సున్నా దగ్గర ఇచ్చే నీళ్ళు. పక్కనే హెచ్ మ్యాక్స్ అని రాసి ఉంటుంది, ఆ ఎత్తు దగ్గర చుక్క కూడా రాదు. హెచ్ మ్యాక్స్ 1.8 మీటర్లున్న కూలర్ మోటారుతో నాలుగడుగులు ఎక్కిస్తే రాసినదాంట్లో మూడో వంతు వస్తే గొప్ప. తొట్టి నీటిమట్టం నుంచి పైపు మూతి దాకా కొలిచి, దానికి రెట్టింపు హెచ్ మ్యాక్స్ ఉన్నది తీసుకోండి, ఎక్కువైతే వాల్వుతో తగ్గించుకోవచ్చు, తక్కువైతే చేసేదేం లేదు. గంటకి తొట్టి నీళ్ళన్నీ ఒకసారి తిరిగితే నీళ్ళు తేటగా ఉంటాయి. కుండ పొంగించడానికి కొంచెం చాలు గానీ రాతిపలక మీంచి తెరలా జారాలంటే మాత్రం అంగుళం వెడల్పుకి 300 నుంచి 400 ఎల్‌పీహెచ్ కావాలి, అడుగు వెడల్పు తెర అంటే మూడు వేల ఆరొందల నుంచి నాలుగు వేల ఎనిమిదొందల దాకా. కరెంటు ఖర్చుకి భయపడక్కర్లేదు, 40 వాట్ల మోటారు రోజుకి ఆరు గంటలు తిప్పితే నెలకి ఏడు యూనిట్ల పైన కొద్దిగా.

భయపడవలసింది షాకుకి. నీళ్ళల్లో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకెయ్యాలి, స్విచ్ ఆపితే సరిపోదు. ఆ లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, విడిగా వేయించండి, ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, మన వైపు పాత ఇళ్ళల్లో మూడో బెజ్జం ఊరికే అలంకారానికి ఉంటుంది. వైరు జాయింటు తొట్టిలో గానీ తొట్టి పక్క నేల మీద గానీ ఉండకూడదు, గోడకి రెండడుగుల ఎత్తున మూతున్న డబ్బాలో ఉండాలి. లైట్లైతే 12 వోల్టులవే, అడాప్టరు ఇంట్లో పెట్టుకుని.

ఎక్కడ, ఏ నీళ్ళు

వాస్తు అని ఈశాన్యంలోనే పెట్టమంటారు, అక్కడ ఆల్రెడీ బోరు, సంపు, తులసికోట ఉంటాయి, ఇంకో తొట్టికి చోటెక్కడిది. కుదిరితే పెట్టండి, కాదనను, కానీ నెత్తి మీద కొబ్బరిచెట్టు మాత్రం ఉండకూడదు. కాయ పడితే ఫైబర్ టబ్బు పగులుతుంది, మట్ట పడితే పైన బొమ్మ విరుగుతుంది, ఏదీ పడకపోయినా పూత రాలి మోటారు జాలీకి రోజూ చుట్టుకుంటుంది. 1996 నవంబరు తుఫాను నాడు కోనసీమలో కొబ్బరితోటలు చూసినవాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. మా ఇంట్లో చెట్టు లేని చోటు వెతికితే గేటు పక్కన ఆరడుగుల జాగా దొరికింది, అక్కడే దింపాం.

నీళ్ళ విషయానికొస్తే, సముద్రం వైపు ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆవిరైన కొద్దీ ఆ ఉప్పు తొట్టిలోనే మిగిలి బొమ్మ మీద తెల్లటి చారలు కడుతుంది, నాజిల్ బెజ్జాలు మూసుకుంటాయి. నిమ్మ ఉప్పు నీళ్ళల్లో కలిపి రాత్రంతా నాజిల్ నానబెడితే వదులుతుంది. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు వృథా అవుతున్నాయని ఇందులో పోసేవాళ్ళున్నారు, అవి ఇంకా ఉప్పన, వద్దు. ఏసీ నీళ్ళు బ్రహ్మాండంగా పనికొస్తాయి, వాననీళ్ళు అంతకన్నా. కాలవ నీళ్ళు మంచివే గానీ జులై, ఆగస్టుల్లో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు నేరుగా పొయ్యకండి, గాబులో పోసి పటిక తిప్పి ఒండ్రు దిగాక పైతేట పోసుకోండి. కాలవలు కట్టేసిన నెలల్లో మంచినీళ్ళకే జనం ఇబ్బంది పడే ఊరైతే ఫౌంటెన్ ఆపేసి మోటారు తీసి లోపల పెట్టుకోడమే.

దింపేటప్పుడు

అన్నిటికన్నా ముఖ్యం మట్టం. అంచు ఒక పక్కకి అరంగుళం వాలినా నీళ్ళన్నీ ఆ పక్కనే కారతాయి, రెండో పక్క ఎండిపోయి నాచు పట్టి ఉంటుంది. రసమట్టం నాలుగు దిక్కులా పెట్టి చూసుకోండి, పెద్ద తొట్టైతే నీళ్ళట్యూబు. బెడ్డు ఆరేదాకా ఆగి, వరల మధ్య జాయింటు వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన 1:3 మాలుతో లోపలా బయటా పూసి, వారం పది రోజులు తడిపి, అప్పుడు నింపండి. నింపి మూడు రోజులు ఊరికే వదిలేసి సుద్దముక్కతో గీత పెట్టండి, పక్కనే బకెట్టులో నీళ్ళు పోసి దానికీ గీత. రెండూ ఒకేలా తగ్గితే అది ఎండ, తొట్టిలో ఎక్కువ తగ్గితే అది కారుడు. సిమెంటు తొట్టిలో వెంటనే చేపలు వేస్తే చచ్చిపోతాయి, సున్నపు ఘాటు పోవాలి, మా వైపు అరటిబోదె ముక్కలు కోసి వేసి వారం నానబెట్టి పారబోస్తారు, నేను అలా రెండుసార్లు చేశాను, మూడో వారంలో గప్పీలు వేశాను, బతికాయి.

చేపలు ఎందుకంటే దోమలకి. నీళ్ళు కదులుతున్నంతసేపూ దోమ గుడ్డు పెట్టదు గానీ మీరు ఊరెళ్ళి వారం పది రోజులు ఆపేశారంటే డెంగీ దోమకి అంతకన్నా మంచి పురిటిల్లు ఉండదు. గప్పీలు చాలు, గంబూసియా వేసేపనైతే కాలవలోకి పోకుండా జాలీ సరిగ్గా పెట్టుకోండి, అవి మిగతా చేపపిల్లల్ని బతకనివ్వవు. మా తొట్టిలో ఇరవై గప్పీలు వేస్తే లకుముకి పిట్ట ఒకటి రోజూ ఎనిమిదింటికి గేటు మీద డ్యూటీకొచ్చినట్టు వచ్చి కూర్చునేది, రెండు బోర్లించిన కుండపెంకులు లోపల వేశాక చేపలు దాక్కోడం నేర్చుకున్నాయి.

బావగారు మొత్తానికి ఫైబర్ టబ్బు తీయించేసి వరలకి ఒప్పుకున్నారు, పైన మాత్రం ఆ పాత కొంగబొమ్మే కావాలంట. దసరాకి దింపుతున్నాం. నా రసమట్టం పోయినవారమే పట్టుకెళ్ళారు, గోడకి మేకులు కొట్టడానికి వాడుతున్నారని అక్క ఫోన్లో చెప్పింది.